పేరు చూసి సంక్షిప్త నిర్మాణ ఫార్ములా రాయడం: హైడ్రోజన్లు ఎందుకు తప్పుతున్నాయి?

నీ ప్రశ్నను ముందు ఇక్కడ క్లుప్తంగా పెడతాను, ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్లకు కూడా ఉపయోగపడుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నావు. 3-మిథైల్‌బ్యూటన్-2-ఓల్ పేరిచ్చి సంక్షిప్త నిర్మాణ ఫార్ములా రాయమంటే

సీహెచ్₃–సీహెచ్₂(ఓహెచ్)–సీహెచ్₂(సీహెచ్₃)–సీహెచ్₃

అని రాశావు. మార్కు రాలేదు, తప్పెక్కడో తెలియలేదు. బ్రాకెట్లు ఎప్పుడు పెట్టాలి, ఎస్టర్ పేరులో ఏ భాగం ముందు రాయాలి అనేవి కూడా అడిగావు. పెద్ద పేరు కనబడితే టెన్షన్ వచ్చేస్తోందని రాశావు.

చాలాకాలంగా ఇంటర్ పిల్లలకు ఆర్గానిక్ చెబుతున్నాను. ఈ తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తుంది, తెలివైన పిల్లల పేపర్లలో కూడా. కారణం ఒక్కటే. దాన్ని సరిచేసుకుంటే పెద్ద పేర్లు కూడా లొంగుతాయి. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, పక్కన పెన్నూ కాగితం పెట్టుకుని చదువు.

ఇక్కడ ఫార్ములాలన్నీ తెలుగు అక్షరాల్లో, నోటితో పలికినట్టే రాస్తాను. సీ అంటే కార్బన్, హెచ్ హైడ్రోజన్, ఓ ఆక్సిజన్, ఎన్ నైట్రోజన్. నీ నోట్సులో మామూలుగా ఇంగ్లిష్ గుర్తులతోనే రాసుకో.

ఇప్పుడు నీ జవాబులో రెండో కార్బన్‌ని చూడు. ఎడమవైపు ఒక కార్బన్‌తో ఒక బంధం, కుడివైపు కార్బన్‌తో ఒకటి, ఓహెచ్‌తో ఒకటి, పైగా రెండు హైడ్రోజన్లు. మొత్తం ఐదు. కార్బన్‌కు ఉన్నవి నాలుగు చేతులే. మూడో కార్బన్ దగ్గరా ఇదే జరిగింది. అంటే నువ్వు ముందు సీహెచ్₃–సీహెచ్₂–సీహెచ్₂–సీహెచ్₃ అని బ్యూటేన్ పూర్తిగా రాసేసి, తర్వాత దానికి ఓహెచ్‌నీ మిథైల్‌నీ తగిలించావు. కొత్తగా ఏది వచ్చి చేరినా ఒక హైడ్రోజన్ ఖాళీ చేసి వెళ్లాలి. ఆ హైడ్రోజన్‌ను తీసేయడం మరిచిపోయావు.

కొందరు లెక్చరర్లు "గ్రూపు పెట్టిన ప్రతిసారీ ఒక హెచ్ కొట్టెయ్" అని చెబుతారు. అది తప్పు కాదు, కానీ హడావిడిలో మరిచిపోతాం. నేను చెప్పేది వేరు: చివరిదాకా హైడ్రోజన్లు రాయనే రాయకు. ముందు కార్బన్ల వరుస, తర్వాత ప్రమేయ సమూహం (ఓహెచ్ లాంటిది, పదార్థం ఏ కుటుంబానిదో చెప్పే భాగం), తర్వాత శాఖలు. అన్నీ తమ తమ చోట్ల కూర్చున్నాక, ఒక్కో కార్బన్ దగ్గర ఆగి ఎన్ని చేతులు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టి, అన్ని హైడ్రోజన్లు నింపు. తీసేయడమనే పనే ఉండదు, కాబట్టి మరిచిపోయే ప్రసక్తీ లేదు.

నీ లెక్కనే చేద్దాం. పేరును తోక వైపు నుంచి చదవాలి. చివర ఓల్ ఉంది, అంటే ఆల్కహాల్, ఓహెచ్ సమూహం. దాని ముందున్న 2 ఆ ఓహెచ్ ఉన్న చోటు. ఇంకా ముందుకొస్తే అన్, అంటే కార్బన్ల మధ్య అన్నీ ఏకబంధాలే. దాని ముందు బ్యూట్, నాలుగు కార్బన్లు. ఇప్పుడు మొదట్లో మిగిలినది 3-మిథైల్. కాగితం మీద సీ–సీ–సీ–సీ అని రాసి, కింద 1, 2, 3, 4 అని అంకెలు వెయ్యి. అంకెలు వేయకుండా ఎప్పుడూ ముందుకు వెళ్లకు. రెండో దాని మీద ఓహెచ్, మూడో దాని మీద ఒక సీ పెట్టు. ఇప్పుడు చేతులు లెక్కపెట్టు. ఒకటో కార్బన్ ఒక చెయ్యి వాడింది, మూడు ఖాళీ. రెండోది మూడు వాడింది, ఒకటి ఖాళీ. మూడోదీ అంతే. నాలుగోదానికి మూడు ఖాళీ. మిథైల్ కార్బన్‌కీ మూడు. నింపితే

సీహెచ్₃–సీహెచ్(ఓహెచ్)–సీహెచ్(సీహెచ్₃)–సీహెచ్₃

అవుతుంది. మూడో కార్బన్ మీద రెండు సీహెచ్₃లు ఉన్నాయి కాబట్టి రెండింటినీ కలిపి సీహెచ్₃సీహెచ్(ఓహెచ్)సీహెచ్(సీహెచ్₃)₂ అని కూడా రాయొచ్చు. రెండూ సరైనవే, రెండింటికీ మార్కు ఇస్తారు.

తోక నుంచే ఎందుకు చదవాలంటే, ఐయూపీఏసీ (రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) పేరులో అతి ముఖ్యమైన సమాచారం చివర్లో ఉంటుంది. ఏ చివర నుంచి అంకెలు మొదలవ్వాలో తేల్చేది ప్రధాన ప్రమేయ సమూహమే, అది పరపదంగా చివర కూర్చుంటుంది. మొదట్లో వచ్చే మిథైల్, ఇథైల్, క్లోరో లాంటివన్నీ ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేర్చినవి, వాటి వరుసకీ శృంఖలంలో, అంటే కార్బన్ల వరుసలో, వాటి స్థానానికీ సంబంధం లేదు. 3-ఇథైల్-2-మిథైల్‌హెక్సేన్ చూడు. ఎడమ నుంచి చదివే పిల్లలు ముందు 3 కనబడింది కదా అని ఇథైల్‌ను ముందు రాసి, దాని తర్వాత మిథైల్ రాసేస్తారు. తోక నుంచి చదివినవాడు ఆరు కార్బన్లు వేసి, అంకెలు వేసి, ఎవరి చోట వాళ్లను పెడతాడు:

సీహెచ్₃సీహెచ్(సీహెచ్₃)సీహెచ్(సీహెచ్₂సీహెచ్₃)సీహెచ్₂సీహెచ్₂సీహెచ్₃

అంకెల విషయంలో ఇంకో చిక్కుంది. పాత పుస్తకాల్లో ఇదే ఆల్కహాల్‌ను 3-మిథైల్-2-బ్యూటనోల్ అంటారు, అంటే అంకె మూలపదం (బ్యూట్ లాంటిది, కార్బన్ల సంఖ్య చెప్పే భాగం) కంటే ముందే వచ్చేస్తుంది. 1993 ఐయూపీఏసీ సిఫారసుల నుంచి అంకెను అది ఏ భాగానికి చెందుతుందో సరిగ్గా దాని ముందే పెట్టడం వచ్చింది. 2-బ్యూటీన్ అన్నా బ్యూట్-2-ఈన్ అన్నా ఒకటే (ఈన్ అంటే ద్విబంధం). రెండు రకాల పుస్తకాలూ మన షాపుల్లో ఉన్నాయి కాబట్టి రెండూ అలవాటు చేసుకో. పాత పద్ధతిలో మూలపదానికి ఆనుకుని ఉన్న అంకె ద్విబంధానిదో ప్రమేయ సమూహానిదో అవుతుంది, శాఖది కాదు.

ఈ నాలుగు చేతుల లెక్క పేర్ల కంటే పాతది. కార్బన్ సంయోజకత నాలుగు అని 1858లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కెకూలే, స్కాట్లండ్‌కు చెందిన ఆర్కిబాల్డ్ స్కాట్ కూపర్ విడివిడిగా ప్రతిపాదించారు. పేర్లకు ఒక పద్ధతి ఏర్పరచాలని రసాయన శాస్త్రవేత్తలు జెనీవాలో కూర్చున్నది 1892లో. ఐయూపీఏసీ పుట్టింది 1919లో. కాబట్టి ఏ పేరైనా ఈ నాలుగు చేతుల నియమానికి లోబడాల్సిందే. ఎంట్రన్స్ పరీక్షల్లో కావాలని తప్పు పేరు ఇచ్చినా ఇదే పట్టిస్తుంది. ఉదాహరణకి 3,3-డైమిథైల్‌బ్యూట్-2-ఈన్ అని ఎవరైనా ఇస్తే, మూడో కార్బన్ ద్విబంధానికి రెండు చేతులు, నాలుగో కార్బన్‌కి ఒకటి, రెండు మిథైల్‌లకు రెండు ఇవ్వాలి. ఐదు అయ్యాయి, అలాంటి పదార్థం ఉండదు. అదే 3,3-డైమిథైల్‌బ్యూట్-1-ఈన్ అయితే చక్కగా వస్తుంది: సీహెచ్₂=సీహెచ్సీ(సీహెచ్₃)₃. ఇందులో మూడో కార్బన్‌కు నాలుగు చేతులూ కార్బన్లతోనే నిండిపోయాయి, హైడ్రోజన్ లేదు. ఒంటరిగా సీ అని రాయడానికి పిల్లలు భయపడతారు, ఏదో మరిచిపోయినట్టు అనిపించి ఒక హెచ్ పెట్టేస్తారు. పెట్టకు.

ఇక బ్రాకెట్లు. నీ ప్రశ్నలో అసలు ముఖ్యమైన భాగం ఇదే, దీన్ని పుస్తకాల్లో ఎక్కడా విడిగా వివరించరు.

సంక్షిప్త ఫార్ములాలో బ్రాకెట్ రెండు వేర్వేరు పనులు చేస్తుంది. సీహెచ్₃(సీహెచ్₂)₄సీహెచ్₃ అంటే హెక్సేన్, ఇక్కడ బ్రాకెట్‌లోవి నాలుగూ శృంఖలంలోనే ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉన్నాయి. సీహెచ్₃సీహెచ్(సీహెచ్₃)₂ అంటే 2-మిథైల్‌ప్రోపేన్, ఇక్కడ బ్రాకెట్‌లోని రెండూ వరుసలో లేవు, రెండూ ముందున్న ఒకే కార్బన్‌కి వేలాడుతున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, అర్థం పూర్తిగా వేరు. తేడా ఎలా పట్టుకోవాలి? మళ్లీ చేతులే. బ్రాకెట్ లోపలి ముక్కకు ఎన్ని చేతులు ఖాళీగా ఉన్నాయో చూడు. సీహెచ్₂కు రెండు ఖాళీ ఉన్నాయి, ఒకటి వెనకవాడికి, ఒకటి ముందువాడికి ఇచ్చి వరుసలో నిలబడగలదు. సీహెచ్₃కి ఒక్కటే ఖాళీ, దానితో ఒకరినే పట్టుకోగలదు, కాబట్టి అది శాఖ మాత్రమే అవుతుంది. ఓహెచ్, ఎన్‌హెచ్₂, సీఎల్ (క్లోరిన్) అన్నీ ఒక చెయ్యి ఉన్నవే, కాబట్టి శాఖలే. సీహెచ్₂సీహెచ్₃ అనే ఇథైల్‌కు కూడా మొత్తం మీద ఖాళీ చెయ్యి ఒకటే.

శాఖ బ్రాకెట్ తనకు ఎడమ పక్కన ఉన్న కార్బన్‌కి చెందుతుంది. ఒక్క మినహాయింపు: ఫార్ములా మొదట్లోనే బ్రాకెట్ వస్తే దానికి ఎడమవైపు ఎవరూ ఉండరు కాబట్టి కుడి పక్క కార్బన్‌కి చెందుతుంది. 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్ దీనికి చక్కని ఉదాహరణ:

(సీహెచ్₃)₃సీసీహెచ్₂సీహెచ్(సీహెచ్₃)₂

మొదటి బ్రాకెట్‌లోని మూడు మిథైల్‌లు కుడివైపు ఒంటరి సీకి, చివరి బ్రాకెట్‌లోని రెండూ ఎడమవైపు సీహెచ్‌కి. లెక్క చూసుకో, కార్బన్లు ఎనిమిది, హైడ్రోజన్లు పద్దెనిమిది. దీన్నే పెట్రోల్ వాళ్లు ఐసోఆక్టేన్ అంటారు. పెట్రోల్ ఆక్టేన్ సంఖ్య కొలిచేటప్పుడు దీనికి 100, శాఖలు లేని హెప్టేన్‌కు 0 అని పెట్టుకుంటారు. ఇంజిన్‌లో కొట్టుకోకుండా మండటానికి ఆ శాఖలే కారణం కాబట్టి, బ్రాకెట్ ఎక్కడుందన్నది కాగితం మీది లెక్క మాత్రమే కాదని గుర్తుపెట్టుకో.

శాఖకే మళ్లీ శాఖ ఉంటే? 4-(ప్రోపన్-2-ఐల్)హెప్టేన్ లాంటివి. ఐల్ ముందున్న అంకె, ఆ శాఖ తన ఏ కార్బన్‌తో ప్రధాన శృంఖలాన్ని పట్టుకుందో చెబుతుంది. ప్రోపన్-2-ఐల్ అంటే మూడు కార్బన్ల ముక్క, నడుమనున్న కార్బన్‌తో అతుక్కుంది. అదే ఐసోప్రొపైల్. పాత పుస్తకాల్లో 1-మిథైల్‌ఇథైల్ అనేదీ ఇదే, ఆ పద్ధతిలో అతుక్కున్న కార్బన్‌కి ఎప్పుడూ 1 వేస్తారు. ఫార్ములా సీహెచ్₃సీహెచ్₂సీహెచ్₂సీహెచ్[సీహెచ్(సీహెచ్₃)₂]సీహెచ్₂సీహెచ్₂సీహెచ్₃. బ్రాకెట్‌లో బ్రాకెట్ వచ్చినప్పుడు బయటిదాన్ని చదరపుది చేస్తే కళ్లకు తేలిక. బ్రాకెట్‌లో ముందు రాసే పరమాణువే శృంఖలాన్ని పట్టుకోవాలి. (సీహెచ్₂సీహెచ్₃) అని రాయాలి, (సీహెచ్₃సీహెచ్₂) అని రాస్తే సీహెచ్₃ శృంఖలానికి అతుక్కున్నట్టు అవుతుంది. ఎడమ చివర మాత్రం తిరగేయాలి: ఈథేన్-1,2-డైఓల్‌ను హెచ్ఓసీహెచ్₂సీహెచ్₂ఓహెచ్ అని రాస్తాం, ఎందుకంటే కార్బన్‌ను పట్టుకున్నది ఆక్సిజన్.

ప్రమేయ సమూహాల్లో అసలు చూడాల్సింది ఒకటే: ఆ సమూహంలోని కార్బన్ మూలపదం లెక్కలో ఉందా లేదా. ఆల్డిహైడ్, ఆమ్లం, నైట్రైల్‌లలో ఉంది. బ్యూటనాల్, అంటే ఆల్ తోక ఉన్న ఆల్డిహైడ్, సీహెచ్₃సీహెచ్₂సీహెచ్₂సీహెచ్ఓ. నాలుగు కార్బన్లలో సీహెచ్ఓ కార్బన్ కూడా ఒకటి. దాన్ని వదిలేసి నాలుగు వేసి ఆపైన సీహెచ్ఓ తగిలిస్తే ఐదు కార్బన్లు అయిపోతాయి, ఇది చాలా మంది చేసే తప్పు. బ్యూటేన్‌నైట్రైల్ కూడా అంతే, సీహెచ్₃సీహెచ్₂సీహెచ్₂సీఎన్. సైక్లోహెక్సేన్‌కార్బాక్సిలిక్ ఆమ్లంలో మాత్రం సీఓఓహెచ్ కార్బన్ వేరు, ఎందుకంటే ఆ కార్బన్‌ను కార్బాక్సిలిక్ అనే మాటే విడిగా లెక్కపెడుతోంది: సీ₆హెచ్₁₁సీఓఓహెచ్. ఇంకోమాట, ఆల్డిహైడ్‌ను సీహెచ్ఓ అనే రాయి, సీఓహెచ్ అని ఎప్పుడూ రాయకు. అలా రాస్తే ఓహెచ్ ఉన్నట్టు, ఆల్కహాల్‌లా చదువుకుంటారు. క్లాసులో ఆల్, ఓల్ ఒకేలా వినిపిస్తే అంకె చూడు. ఆల్డిహైడ్ ఎప్పుడూ శృంఖలం చివరే ఉంటుంది, దానికి అంకె వేయరు. ఇంత పెద్ద ఆల్కహాల్‌కు అంకె తప్పకుండా ఉంటుంది.

కీటోన్‌లో సీఓ వరుసలో భాగమే. బ్యూటన్-2-ఓన్ సీహెచ్₃సీఓసీహెచ్₂సీహెచ్₃. ఇక్కడ ఆక్సిజన్ రెండు కార్బన్ల నడుమ లేదు, రెండు చేతులతో ఒకే కార్బన్‌ను పట్టుకుని పైన ఉంది. సీహెచ్₃ఓసీహెచ్₂సీహెచ్₃ అయితే ఆక్సిజన్ నడుమ ఉంది, అది మిథాక్సీఈథేన్ అనే ఈథర్. సీ ఉందా లేదా అన్న ఒక్క అక్షరంతో కుటుంబమే మారిపోయింది. రెండు సమూహాలు ఉంటే తోకలో ఉన్నది ప్రధానం, రెండోది ముందుకు వచ్చి హైడ్రాక్సీ, ఆక్సో అని పేరు మార్చుకుంటుంది. 4-హైడ్రాక్సీ-4-మిథైల్‌పెంటన్-2-ఓన్ అంటే సీహెచ్₃సీఓసీహెచ్₂సీ(ఓహెచ్)(సీహెచ్₃)₂. ఆక్సో అయితే ఆక్సిజన్ రెండు చేతులు అడుగుతుంది: 3-ఆక్సోబ్యూటనోయిక్ ఆమ్లం సీహెచ్₃సీఓసీహెచ్₂సీఓఓహెచ్.

ఎమీన్లలో ఎన్ అనే అక్షరం అంకెల చోట వస్తే కంగారు పడకు. ఎన్-మిథైల్‌ఈథన్‌ఎమీన్ అంటే మిథైల్ కార్బన్ మీద లేదు, నైట్రోజన్ మీద ఉంది: సీహెచ్₃సీహెచ్₂ఎన్‌హెచ్‌సీహెచ్₃. నైట్రోజన్‌కు మూడు చేతులు. అంతకుమించి ఇక్కడ కొత్త విషయం లేదు.

ఎస్టర్లు అడిగావు కదా. పేరులో ముందు ఆల్కహాల్ నుంచి వచ్చిన భాగం ఉంటుంది, తర్వాత ఆమ్లం భాగం. ఫార్ములాలో మామూలుగా ఆమ్లం భాగం ముందు రాస్తాం. వరుస తిరగబడుతుంది, అక్కడే పిల్లలు దొరికిపోతారు. మిథైల్ ప్రోపనోయేట్ తీసుకో. ఓయేట్ ఉన్న మాట ఆమ్లానిది: ప్రోప్, మూడు కార్బన్లు, సీఓ కార్బన్‌తో కలిపి. సీహెచ్₃సీహెచ్₂సీఓఓ అని రాసి ఆపు. ఇప్పుడు విడిగా ముందున్న మిథైల్‌ను ఆ చివరి ఆక్సిజన్‌కి తగిలించు: సీహెచ్₃సీహెచ్₂సీఓఓసీహెచ్₃. ఇథైల్ ఈథనోయేట్ అయితే సీహెచ్₃సీఓఓసీహెచ్₂సీహెచ్₃. రెండింటికీ అణు ఫార్ములా సీ₄హెచ్₈ఓ₂ ఒకటే. అందుకే అణు ఫార్ములా సరిపోయినంత మాత్రాన జవాబు సరైనదని నమ్మకు, ఆమ్లం ఏదో మళ్లీ చూడు. 3-మిథైల్‌బ్యూటైల్ ఈథనోయేట్ అనే ఎస్టర్‌కు అరటిపండు వాసన ఉంటుంది, దాన్ని నువ్వే రాసి చూడు. సీహెచ్₃సీఓఓసీహెచ్₂సీహెచ్₂సీహెచ్(సీహెచ్₃)₂ రావాలి. శాఖ మీద అంకెలు ఆక్సిజన్ పక్కనున్న కార్బన్ నుంచి మొదలవుతాయి.

రాసింది సరైనదో కాదో పరీక్ష హాల్లోనే తేల్చుకోవచ్చు. కార్బన్ల సంఖ్యను రెట్టింపు చేసి రెండు కలుపు, అది హైడ్రోజన్ల గరిష్ఠం. ప్రతి ద్విబంధానికీ, ప్రతి వలయానికీ రెండు తీసెయ్, త్రిబంధానికి నాలుగు. సీ=ఓ కూడా ద్విబంధమే, మరిచిపోకు. ప్రతి నైట్రోజన్‌కు ఒకటి కలుపు, ప్రతి హాలోజన్‌కు ఒకటి తీసెయ్. ఆక్సిజన్ ఎన్ని ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. నైట్రో సమూహం ఉంటే దానిలోని ద్విబంధానికీ రెండు తీసెయ్. ఇలా వచ్చిన సంఖ్య, నువ్వు రాసిన ఫార్ములాలో లెక్కపెట్టిన హైడ్రోజన్లు కలవాలి. నీ మొదటి జవాబు తీసుకుంటే ఐదు కార్బన్లకు గరిష్ఠం 12. నువ్వు రాసినదాంట్లో 14 ఉన్నాయి. అర నిమిషంలో దొరికిపోయేది.

ఇప్పుడు ఒక పెద్ద పేరు. నిమ్మగడ్డి నూనెకు ఆ వాసన ప్రధానంగా సిట్రాల్ వల్ల వస్తుంది. దాని పేరు 3,7-డైమిథైల్‌ఆక్టా-2,6-డైఈనాల్. తోక ఆల్, ఆల్డిహైడ్, ఒకటో కార్బన్ సీహెచ్ఓ. డైఈన్, రెండు ద్విబంధాలు, ఒకటి రెండు-మూడు మధ్య, ఒకటి ఆరు-ఏడు మధ్య. ఆక్టా, ఎనిమిది కార్బన్లు. మూడు మీద ఒక మిథైల్, ఏడు మీద ఒకటి. ఎనిమిది సీలు గీసి అంకెలు వెయ్యి. ఎనిమిదోది ఎడమ చివర, ఒకటోది కుడి చివర ఉండేలా వేస్తే సీహెచ్ఓ చివర్లో వచ్చి అందంగా ఉంటుంది. ఎటు నుంచి అంకెలు వేసినా అణువు అదే. ఏడో కార్బన్ ద్విబంధానికి రెండు, ఎనిమిదోదానికి ఒకటి, మిథైల్‌కు ఒకటి ఇచ్చింది, హైడ్రోజన్ లేదు. ఆరోదానికి ఒకటి. ఐదు, నాలుగు సీహెచ్₂లు. మూడోదానికి హైడ్రోజన్ లేదు, రెండోదానికి ఒకటి.

(సీహెచ్₃)₂సీ=సీహెచ్సీహెచ్₂సీహెచ్₂సీ(సీహెచ్₃)=సీహెచ్సీహెచ్ఓ

సరిచూద్దాం. పది కార్బన్లకు గరిష్ఠం 22, రెండు సీ=సీ, ఒక సీ=ఓ కలిపి మూడు ద్విబంధాలు, ఆరు తీసేస్తే 16. ఫార్ములాలో లెక్కపెట్టు, 6, 1, 2, 2, 3, 1, 1, మొత్తం 16. కుదిరింది.

కానీ ఈ ఫార్ములా ఒక విషయాన్ని దాచేస్తుంది. సిట్రాల్ నిజానికి రెండు పదార్థాల మిశ్రమం, జెరానియాల్, నెరాల్ అనే రెండు ఆల్డిహైడ్లు. రెండో, మూడో కార్బన్ల మధ్య ద్విబంధం దగ్గర సమూహాలు ఏ పక్కన ఉన్నాయన్నదే వాటి తేడా. సంక్షిప్త ఫార్ములాలో రెండూ ఒకటే అవుతాయి. పేరు ముందు ఈ, జెడ్ అక్షరాలు గానీ సిస్, ట్రాన్స్ గానీ ఉంటే ఆ సమాచారం వరుసలో రాసే ఫార్ములాలో ఇమడదు. అలాంటప్పుడు ద్విబంధం దగ్గరైనా బొమ్మ గీయాలి. ప్రశ్నలో "జ్యామితీయ సాదృశ్యం చూపండి" అని ఉంటే సంక్షిప్త ఫార్ములాతో మార్కు రాదు.

బెంజీన్ వలయంతోనూ ఇలాంటి ఇబ్బందే. గుంటూరు మిరపకాయకు ఘాటునిచ్చే కాప్సైసిన్ పేరు చూడు: ఎన్-(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీబెంజైల్)-8-మిథైల్‌నాన్-6-ఈనమైడ్. చూడ్డానికి భయంకరంగా ఉన్నా తోక నుంచి వస్తే తేలికే. అమైడ్, ఒకటో కార్బన్ సీఓఎన్‌హెచ్. నాన్, తొమ్మిది కార్బన్లు. ఆరులో ద్విబంధం, ఎనిమిది మీద మిథైల్. నైట్రోజన్ మీద బెంజైల్ ముక్క. శృంఖలం భాగం ఇలా వస్తుంది:

(సీహెచ్₃)₂సీహెచ్సీహెచ్=సీహెచ్(సీహెచ్₂)₄సీఓఎన్‌హెచ్‌సీహెచ్₂–

ఇందులో రెండు రకాల బ్రాకెట్లూ ఉన్నాయి, ఇందాక చెప్పినదాన్ని ఇక్కడ సరిచూసుకో. దీనికి చివర సీ₆హెచ్₃(ఓహెచ్)(ఓసీహెచ్₃) అని తగిలిస్తే అణు ఫార్ములా సీ₁₈హెచ్₂₇ఎన్ఓ₃ కచ్చితంగా సరిపోతుంది. అయినా ఓహెచ్ నాలుగులో ఉందా, మూడులో ఉందా అన్నది ఆ సీ₆హెచ్₃ చెప్పలేదు. కాబట్టి వలయం మీద రెండు, మూడు సమూహాలు ఉంటే వలయాన్ని గీసి, శృంఖలాన్ని మాత్రమే సంక్షిప్తంగా రాయి. ఒక్క సమూహమే ఉంటే సీ₆హెచ్₅ అని నిశ్చింతగా రాయొచ్చు.

చివరగా, పేరే తప్పుగా ఉన్న ప్రశ్నలు వస్తాయి. 2-ఇథైల్‌పెంటేన్ లాంటివి. పేరు చెప్పినట్టే రాసెయ్: సీహెచ్₃సీహెచ్(సీహెచ్₂సీహెచ్₃)సీహెచ్₂సీహెచ్₂సీహెచ్₃. ఎక్కడా ఐదు చేతులు లేవు, పదార్థం నిజంగానే ఉంది. కానీ ఇథైల్ గుండా లెక్కపెడితే ఆరు కార్బన్ల శృంఖలం దొరుకుతుంది, అసలు పేరు 3-మిథైల్‌హెక్సేన్. ఫార్ములా రాశాక అన్నిటికంటే పొడుగు వరుస ఏదో ఒకసారి చూసుకునే అలవాటు ఇక్కడ పనికొస్తుంది.

సాధనకు నాలుగు పేర్లు ఇస్తున్నాను, పక్కన అణు ఫార్ములా మాత్రమే పెడతాను, నువ్వు రాసిందాన్ని దానితో సరిచూసుకో: 3-ఇథైల్‌పెంట్-1-ఐన్ (ఐన్ అంటే త్రిబంధం), సీ₇హెచ్₁₂. 5-హైడ్రాక్సీహెక్సన్-2-ఓన్, సీ₆హెచ్₁₂ఓ₂. ఎన్-ఇథైల్-2-మిథైల్‌ప్రోపన్-1-ఎమీన్, సీ₆హెచ్₁₅ఎన్. ప్రోపన్-2-ఐల్ బ్యూటనోయేట్, సీ₇హెచ్₁₄ఓ₂. చివరిదాంట్లో ఏ భాగం ఆక్సిజన్‌కి ఎటువైపు ఉండాలో జాగ్రత్తగా చూడు. నాలుగూ రాసి ఇక్కడే పెట్టు. సరైనవి కాకపోతే రఫ్‌లో అంకెలు వేసిన కార్బన్ల వరుస కూడా పెట్టు, అది చూస్తే ఏ కార్బన్ దగ్గర దారి తప్పావో చెప్పగలను.